తిరుపతిలో పాత లాడ్జిని మార్చేటప్పుడు డబ్బు ముందు దేనిమీద పెట్టాలి?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆర్టీసీ బస్టాండుకు నడిచిపోయే దూరంలో మీ నాయన కట్టించిన 28 గదుల లాడ్జి, బ్యాంకు ఇస్తానన్న 70 లక్షలు, బెంగళూరు కంపెనీ చేతిలో పెట్టిపోయిన కొటేషను. అందులో చెక్-ఇన్ కియోస్కు, ముఖం చూసి తెరుచుకునే తలుపులు, గదికో ట్యాబు, సామాన్లు మోసే రోబో. వీటిలో ఏవి తీసుకోవాలి, ఏవి వదిలేయాలి అని అడిగారు. నేను 1996లో గాంధీ రోడ్డులో ఒక లాడ్జి రాత్రి కౌంటరులో కూర్చోవడంతో మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఈ ఊళ్ళోనే లాడ్జీలు నడిపాను, పాతవాటిని పగలగొట్టి మార్పించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, కాస్త ఓపికగా చదవండి.

ఆ కొటేషనులో ఉన్నవన్నీ సాయంత్రం వచ్చి, రాత్రి పడుకుని, పొద్దున టిఫిన్ తిని వెళ్ళిపోయే ఒంటరి ఉద్యోగి కోసం తయారైన వస్తువులు. మన దగ్గరికి వచ్చేవాళ్ళకు గది కావలసింది స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి, సామాను భద్రంగా పెట్టుకోవడానికి. ఆ మధ్యలో రెండు గంటలు కన్ను మూతపడితే అదృష్టం. వాళ్ళ గడియారం దర్శనం టోకెను మీద ఉంటుంది. మీ లాడ్జి గోడలు, పైపులు, సాఫ్ట్‌వేరు అన్నీ ఆ గడియారానికి సరిపోవాలి. నేను ఏ వస్తువునైనా చూసేది ఈ ఒక్క కొలతతోనే.

రాత్రి ఒంటి గంటకు మీ లాబీ ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. చెన్నై నుంచో సేలం నుంచో ఒక బండి ఆగుతుంది. ఎనిమిది మంది దిగుతారు. అవ్వ సోఫాలో కూలబడుతుంది, పిల్లలు భుజాల మీద నిద్రపోతుంటారు. ఇంటాయన కౌంటరు దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాట 'వేన్నీళ్ళు వస్తాయా?' అద్దె ఎంత అన్నది రెండో మాట. అలిపిరి గేటు తెల్లవారుజామున 3 గంటలకు తెరుస్తారు, ఆలోగా ఎనిమిది మందికీ స్నానాలు కావాలి.

అందుకని మీ 70 లక్షల్లో మొదటి వాటా వేన్నీళ్ళకు తీసి పక్కన పెట్టండి. గదికో 2 కిలోవాట్ల గీజరు అనుకుంటే, రెండున్నరకు 28 గీజర్లూ ఒకేసారి వేస్తే 56 కిలోవాట్ల లోడు. ఆ వేళలో కరెంటు పోతే లిఫ్టు, బోరు మోటారు, లైట్లు కూడా జనరేటరు మీదికే వస్తాయి. అది ట్రిప్పయితే లిఫ్టులో ఇరుక్కున్న ముసలాయనకు సమాధానం చెప్పుకోవలసింది మీరే. సోలారు వద్దని అనను. అయితే సోలారు నీళ్ళు వేడెక్కేది పగలు, మనకు కావలసింది తెల్లవారుజామున. మధ్యలో పది గంటల పాటు ట్యాంకు ఆ వేడిని నిలుపుకోవాలి. పైగా ధనుర్మాసంలో, డిసెంబరు సగం నుంచి జనవరి సగం దాకా, ఎండ బలంగా ఉండదు. వైకుంఠ ఏకాదశి జనం, జనవరి ఒకటో తేదీ జనం వచ్చేది సరిగ్గా అప్పుడే.

నేను ఇప్పుడు ఎవరు అడిగినా మేడమీద హీట్ పంపు, దానికి సాయంగా సోలారు అని చెబుతున్నాను. హీట్ పంపు ఏసీని తిరగేసినట్టు పనిచేస్తుంది. బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళలోకి ఎక్కిస్తుంది. వెయ్యి లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే మామూలు గీజరుకు 40 యూనిట్ల కరెంటు కావాలి. మంచి హీట్ పంపు అదే పనిని అందులో మూడో వంతుతో చేస్తుంది. పగలంతా నెమ్మదిగా కాచి పెద్ద ట్యాంకులో నిలవ చేస్తుంది కాబట్టి రాత్రి లోడు ఒక్కసారిగా పెరగదు. ట్యాంకు నుంచి గదులకు పోయే వేడి పైపు మళ్ళీ ట్యాంకుకే తిరిగొచ్చేలా వేయించండి, చిన్న పంపుతో నీళ్ళు అందులో తిరుగుతూ ఉంటాయి. అప్పుడు కింది అంతస్తు చివరి గదిలోనూ కుళాయి తిప్పగానే వేడి వస్తుంది. అలా లేకపోతే ఒక్కో గదిలో రెండు బకెట్ల చల్లనీళ్ళు పారబోస్తే తప్ప వేడి రాదు. ఎండాకాలం ట్యాంకరుకు డబ్బు కట్టే ఊళ్ళో ఆ రెండు బకెట్లు చిన్న లెక్క కాదు.

ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచమనడానికి ఇంకో కారణం ఉంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక పేరున్న హోటల్లో 'అమెరికన్ లీజియన్' అనే మాజీ సైనికుల సంఘం సమావేశం జరిగింది. దానికి వచ్చినవాళ్ళలో వందమందికి పైగా అంతుచిక్కని న్యుమోనియాతో పడిపోయారు, వాళ్ళలో పాతిక మందికి పైగా చనిపోయారు. దానికి కారణమైన బ్యాక్టీరియాకు ఆ సంఘం పేరుమీదే లెజియోనెల్లా అని పేరు పెట్టారు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్ళలో అది బాగా పెరుగుతుంది. కరెంటు ఆదా అవుతుందని మీ ప్లంబరు 45 డిగ్రీలకు తగ్గిస్తానంటే ఒప్పుకోవద్దు. ట్యాంకులో 60 ఉండాలి. గది దగ్గర వేడినీ చల్లనీ కలిపే వాల్వు పెట్టించి కుళాయిలో 40 చిల్లర వచ్చేలా చేయండి, పసిపిల్లల ఒళ్ళు కాలకుండా ఉంటుంది. బోరు నీళ్ళు వాడుతుంటే ముందే పరీక్ష చేయించండి. సున్నపు లవణాలు ఎక్కువ ఉంటే, వాటిని తీసేసే సాఫ్ట్‌నర్ లేకుండా ఏ యంత్రం పెట్టినా లోపల తెల్లటి గార పేరుకుని పాడవుతుంది.

ఇక బాత్రూములు. 1908లో అమెరికాలోని బఫెలో నగరంలో ఎల్స్‌వర్త్ స్టాట్లర్ అనే ఆయన ప్రతి గదికీ సొంత బాత్రూముతో పెద్ద హోటల్ కట్టాడు. 'డాలరున్నరకు గదీ, స్నానాలగదీ' అన్నది ఆయన ప్రకటన. ఆ రోజుల్లో అది ఊహించని ధర. ఎలా ఇవ్వగలిగాడంటే, పక్కపక్క గదుల బాత్రూములను వీపుకు వీపు ఆనించి, మధ్యలో ఒకే నిలువు షాఫ్టు పెట్టి, పై అంతస్తు నుంచి కిందిదాకా పైపులన్నీ అందులోనే దించాడు. వందేళ్ళు దాటినా హోటల్ కట్టడంలో అంతకంటే పెద్ద తెలివి నేను చూడలేదు. మీ నాయన కాలంలో మన ఊళ్ళో చాలా లాడ్జీలను ఇళ్ళలాగే కట్టారు. ఒక్కో బాత్రూము ఒక్కో మూలన ఉంటుంది, పైపులు గోడల్లో దూరి ఉంటాయి. ఒకచోట కారితే మూడు గదులు మూసి గోడ పగలగొట్టాలి. నేను 2009లో మార్పించిన ఒక లాడ్జిలో టైల్సు మార్చి, పైపులు పాతవే ఉంచాం, డబ్బు మిగిలిందని సంతోషించాం. మూడో ఏడు బ్రహ్మోత్సవాల్లో రెండో అంతస్తు పైపు పగిలి, కింద ఆరు గదుల్లో నీళ్ళు నిలిచాయి. నిండిన గదుల్లోంచి కుటుంబాలను అర్ధరాత్రి లేపి బయటికి తేవడం ఎంత బాధో ఆ రోజు తెలిసింది. మీరు గోడలు ఎటూ తీస్తున్నారు, కాబట్టి షాఫ్టు ఇప్పుడే పెట్టండి. మనిషి దూరి పని చేసేంత వెడల్పు, ప్రతి అంతస్తులో ఒక చిన్న తలుపు ఉండాలి.

గదిలో ఆరుగురు ఉన్నప్పుడు ఒక్కటే తలుపున్న బాత్రూములో ఒకరు దూరితే ఐదుగురు ఆగాలి. కమోడ్ వేరే గదిలో, స్నానం వేరే గదిలో, వాష్ బేసిన్ బయట పెడితే ఒకేసారి ముగ్గురి పని అవుతుంది. నేల గరుకు టైల్సుతో వేయించండి, షాపులో ఆర్-11 అని అడిగితే చూపిస్తారు. గోడకు పట్టుకునే కడ్డీలు, స్నానం దగ్గర ఒక గట్టి స్టూలు, వాకిట్లో మెట్టు లేకుండా సమంగా ఉన్న నేల కావాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని కిందికి వచ్చిన మనిషికి ఆ రాత్రి మోకాలు వంగదు. అడుగెత్తు మెట్టు కూడా ఆ రోజు ఆయనకు కొండే. కింది అంతస్తులో రెండు గదులకైనా తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లు ఉంచి, ర్యాంపు 12 అడుగులకు ఒక అడుగు కంటే ఎక్కువ ఎత్తు పోకుండా చూడండి, చక్రాల కుర్చీ సులభంగా వస్తుంది.

తడిబట్టలు ఆరేసుకోవడానికి గదిగదికీ దండెం కావాలి. డిజైనర్లకు ఈ మాట నచ్చదు, ఫోటోలో అందం పోతుందంటారు. దండెం లేకపోతే యాత్రికులు కర్టెను కడ్డీ మీద పంచెలు ఆరేస్తారు, ఆ కడ్డీ గోడలోంచి ఊడి వస్తుంది. కిటికీ వైపు లోపలికి మడిచే స్టీలు దండెం పెట్టించండి. ఇంకొకటి, గుండు చేయించుకుని తలకు గంధం రాసుకుని వచ్చి పడుకుంటారు. తెల్లటి దిండుగలీబుల మీద ఆ పసుపుమరక ఎన్ని ఉతుకులకూ పోదు. మేము చందనం రంగు గలీబులు కుట్టించాం. అప్పటి నుంచి మరకల గురించి యాత్రికులతో మాటా మాటా రాలేదు. వాళ్ళు మొక్కు తీర్చుకుని వచ్చిన రోజు మనం దిండు గురించి గొణగకూడదు కదా.

ఇప్పుడు మీ కొటేషనులోని తాళాల సంగతి. కార్డు తాళాలు పెట్టుకోండి, తప్పులేదు. తాళంచెవి పోగొట్టుకుని కొండమీద నుంచి ఫోను చేసేవాళ్ళ బాధ తప్పుతుంది. కానీ కార్డులో వాడే చిప్పు ఏదని అడగండి. మైఫేర్ క్లాసిక్ అంటే వద్దనండి. దాని రహస్య సంకేతాన్ని 2008లోనే నెదర్లాండ్స్ పరిశోధకులు ఛేదించారు. ఆ చిప్పు ఉన్న కార్డులు వాడే ఒక రకం హోటల్ తాళాలను నకిలీ కార్డుతో తెరవవచ్చని 2024 మార్చిలో మరికొందరు పరిశోధకులు చూపించారు. అప్పటికి ప్రపంచమంతటా అలాంటి తలుపులు 30 లక్షల దాకా ఉన్నాయని లెక్క. డెస్‌ఫైర్ చిప్పు ఉన్నది అడగండి, కార్డుకు కాస్త ఎక్కువ పడుతుంది. బ్యాటరీ అయిపోతే తెరవడానికి మామూలు తాళంచెవి రంధ్రం కూడా ఉండాలి. కరెంటు ఉన్నా లేకున్నా లోపలి నుంచి పిడి తిప్పితే తలుపు తెరుచుకోవాలి. ఈ చివరి విషయంలో సర్దుబాటు వద్దు, నిప్పు అంటుకున్నప్పుడు ప్రాణం దానిమీదే ఆధారపడుతుంది.

ఆ తాళంతోపాటే, కార్డు గుచ్చితేనే గదిలో కరెంటు వచ్చే స్విచ్చి అంటగడతారు. మన ఊరికి అది అలాగే పనికిరాదు. 2014 మేనెలలో నేను చూసుకుంటున్న హోటల్లో ఒక కుటుంబం కొండకు పోతూ, నడవలేని అవ్వను గదిలో పడుకోబెట్టి, కార్డు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది. ఏసీ, ఫ్యాను, లైటు అన్నీ ఆగిపోయాయి. ఆమెకు ఎవరిని పిలవాలో తెలియదు. మధ్యాహ్నం గది శుభ్రం చేసే అమ్మాయి తలుపు తట్టేసరికి ఆమె చెమటలో తడిసి, సొమ్మసిల్లే స్థితిలో ఉంది. ఆ సాయంత్రమే ఫ్యాను, ఒక లైటు, ఒక ప్లగ్గు ఆ స్విచ్చి నుంచి తప్పించాం, గదికి రెండు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టాం. మీరు వైరింగు దశలోనే ఇది చెప్పి చేయించుకోండి.

సాఫ్ట్‌వేరుకు వద్దాం. 24 గంటల చెక్-అవుట్ మీరు మానలేరు, మానకూడదు కూడా. రాత్రి 11.40కి వచ్చిన కుటుంబం మర్నాడు 11.40 దాకా ఉండవచ్చు అన్నదే మన ఊరి మర్యాద. బయటి నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్లు చాలావరకు రాత్రుల లెక్కన నడుస్తాయి. అర్ధరాత్రి ఆ రోజు ఖాతా మూసి, కొత్త రోజు మొదలుపెడతాయి. నేను వాడిన ఒకటి సరిగ్గా ఆ సమయంలో పావుగంట ఆగిపోయేది, మన కౌంటరులో జనం నిండేదేమో అప్పుడే. ఇంకొకటి 11.40కి వచ్చి మర్నాడు రాత్రి 9కి ఖాళీ చేసినవాళ్ళకు రెండు రోజుల బిల్లు కొట్టింది. రాత్రి మనిషి కొత్తవాడు, అదే కట్టించుకున్నాడు. పెద్దాయన మాట్లాడకుండా కట్టి వెళ్ళిపోయాడట. పొద్దున నాకు తెలిసి ఫోను చేసి డబ్బు వెనక్కి పంపాను, కానీ ఆ మనసు కష్టాన్ని వెనక్కి తీసుకోలేను. అందుకే అమ్మేవాళ్ళు ల్యాప్‌టాప్ తెరవగానే మీరు ఈ ఉదాహరణే ఇచ్చి, బిల్లు తీసి చూపించమనండి. ఆన్‌లైన్ సైట్లతో గదుల లెక్క కలిపే ఛానల్ మేనేజరుకు ఆ వేళలు ఎలా చేరతాయో కూడా అడగండి.

ఎందుకంటే ఆన్‌లైన్ సైట్లు మధ్యాహ్నం 12 నుంచి 12 లెక్కన అమ్ముతాయి. మీ గదిలో రాత్రి 11 దాకా హక్కున్న కుటుంబం ఉండగా, మధ్యాహ్నమే ఇంకో కుటుంబం బుకింగు చూపిస్తూ నిలబడుతుంది. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో తమిళనాడు నుంచి జనం పోటెత్తినప్పుడు ఇదే జరిగి, నాలుగు కుటుంబాలను మా భోజనాల హాల్లో పరుపులు వేసి పడుకోబెట్టాను. దీనికి నాకు కుదిరిన దారి గదులను విడగొట్టడం. ఒక అంతస్తు పూర్తిగా మధ్యాహ్నం 12 నుంచి 12 లెక్కన సైట్లకు ఇవ్వండి, మిగతావి నేరుగా వచ్చేవాళ్ళకు, ఫోను చేసేవాళ్ళకు 24 గంటల లెక్కన ఉంచండి. సైట్ల కమీషను వందకు 15 నుంచి 25 దాకా పోతుంది కాబట్టి ఆ అంతస్తు చిన్నదిగా ఉంటేనే మంచిది. గూగుల్ మ్యాపులో మీ లాడ్జి పేరు, ఫోను నంబరు మీ చేతిలోనే ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. పట్టించుకోని పేజీలో మోసగాళ్ళు తమ నంబరు పెట్టి యాత్రికుల నుంచి అడ్వాన్సు లాగేస్తున్నారు.

రద్దీ ఎప్పుడు వస్తుందో చెప్పే యాప్‌కు నెలనెలా డబ్బు కట్టనక్కరలేదు. దేవస్థానం 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలలు ముందుగా ఆన్‌లైన్లో విడుదల చేస్తుంది. టికెట్టు చేతికొచ్చిన గంటలోనే జనం గది వెతుకుతారు. ఆ రోజు మీ ధరలు, ఖాళీలు సరిగ్గా పెట్టి, ఫోను దగ్గర తమిళం, కన్నడం వచ్చిన మనిషిని కూర్చోబెడితే చాలు.

కియోస్కు అక్కరలేదు. ఎనిమిది మంది కుటుంబం అర్ధరాత్రి తెర ముందు నిలబడి వేలితో నొక్కుకోవడం ఎవరికి సుఖం? బుకింగు అయినవాళ్ళకు రైల్లో ఉండగానే వాట్సాప్‌లో వాళ్ళ భాషలో ఒక లింకు పంపండి. పేర్లు, వచ్చే టైము, ఎందరు అన్నది ముందే నింపేస్తారు. కౌంటరులో గుర్తింపు చూసి కార్డు ఇస్తే రెండు నిమిషాల పని. ఆధార్ జిరాక్సులు కుప్పపోయడం మానండి, అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. విదేశీయులు దిగితే వాళ్ళ వివరాలు 24 గంటల్లోపు ఆన్‌లైన్లో ప్రభుత్వానికి పంపడం మరవద్దు.

ముఖం చూసి తెరిచే తలుపుల గురించి. 2023 మార్చి నుంచి తిరుమలలో ముఖ గుర్తింపు వాడుతున్నారు కదా అని మీరు రాశారు. అక్కడ ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ టోకెన్లు తీసుకోకుండా, గదులు దళారుల చేతిలో పడకుండా ఆపాలన్న అవసరం ఉంది. మీ 28 గదులకు అలాంటి అవసరం లేదు. పైగా వేలమంది ముఖాలు మీ కంప్యూటరులో పోగుపడతాయి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చేశాయి. డేటా భద్రత చూసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయవచ్చని ఆ చట్టంలో ఉంది. అవసరం లేని సమాచారం తీసుకోకపోవడమే చిన్న లాడ్జికి క్షేమం.

రోబో సంగతి జపాన్ వాళ్ళు మనకంటే ముందే చూశారు. 2015లో నాగసాకి ప్రాంతంలో రోబోలే నడిపే హెన్-నా హోటల్ తెరిచారు. 2019 నాటికి 243 రోబోల్లో సగానికి పైగా తీసేశారు. గదిలో పెట్టిన బొమ్మ రోబో గురకను మాట అనుకుని, నిద్రపోతున్న మనిషిని లేపి ప్రశ్న అడిగేది. ఆ డబ్బుతో మీరు కింది అంతస్తులో వెనక ఉన్న పెద్ద గదిని లాకర్లు, నాలుగు స్నానాల గదులుగా మార్చండి. తెల్లవారుజామున రైలు దిగి, పొద్దున 9 గంటల దర్శనం స్లాటు చేతిలో ఉన్న నలుగురికి రోజంతా గది ఎందుకు? స్నానం చేసి, సామాను పెట్టి, సాయంత్రం తీసుకుని వెళ్ళిపోతారు. గది ఖాళీ చేశాక కొండకు పోయేవాళ్ళ సంచులూ అక్కడే ఉంటాయి. ఈ ఊళ్ళో నేను చూసిన కొత్త ఆలోచనల్లో యాత్రికులు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ఇదే. తిరుమలలో 2022 జూన్ నుంచి ప్లాస్టిక్ నిషేధం ఉంది కాబట్టి లాబీలో నీళ్ళు పట్టుకునే యంత్రం ఒకటి పెట్టండి, స్టీలు సీసాలు నింపుకుపోతారు.

ట్యాబులకు బదులు కావలసిన వివరాలు పెద్ద అక్షరాలతో రాసిన అట్ట గదిలో పెట్టండి, నాలుగు భాషల్లో.

లెక్కలో ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 5 శాతం, కానీ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి, రాదు. కొటేషను కింద ఉన్న 18 శాతం తర్వాత తిరిగొస్తుందని ఆ కంపెనీ మనిషి చెప్పి ఉంటే నమ్మకండి, అది మీ ఖర్చే. మీ 70 లక్షల్లోంచే పోతుంది. గోడలు తెరిచి ఉన్నప్పుడే ప్రతి గదికీ ఒక నెట్‌వర్కు కేబులు, కాస్త లావు పైపులో లాగించి ఉంచండి. రేపు ఏ కొత్త వస్తువు వచ్చినా మళ్ళీ పగలగొట్టే పని ఉండదు.

లోను కాగితం మీద సంతకం పెట్టకముందు, ఈ శనివారం రాత్రి 1 నుంచి 4 దాకా మీ లాబీలో కూర్చోండి. వచ్చిన ప్రతి కుటుంబం ఏం అడిగింది, ఎంతసేపు ఆగింది, ఎన్ని బకెట్లు నింపింది అన్నది రాసుకోండి. ఆ కాగితం, మీ బిల్డింగు ప్లాను ఇక్కడ పెట్టండి, షాఫ్టు ఎక్కడ పడుతుందో, ట్యాంకు ఎన్ని లీటర్లు కావాలో చూసి చెబుతాను. మీ నాయనగారిని కూడా ఒకసారి అడగండి, ఏ పైపు ఎటు పోయిందో ఆయనకే తెలిసి ఉంటుంది.